అడిగెటోళ్లు గూడ తయారై కూసోవాలె

ఇంటర్వ్యూ అంటే పిలగాండ్లే సదువుకోని పోవాలె అనుకుంటం. కొలువిచ్చెటోళ్లు గూడ తయారు గావాలె. గీ మాట ఎవ్వలు చెప్పరు.

ఇరవై ఏండ్ల కింద హైదరాబాద్‌ల ఒక ఆఫీసుకు లెక్కలు రాసే పనికోసం పోయిన. సారు నా కాయితాలు అప్పుడే తెరిచిండు. ఏం అడగాల్నో ఆయనకే ఎరుకలేదు. 'మీదే ఊరు? ఇంటిపేరేంది? నాయిన ఏం జేస్తడు?' గీ మూడు ముచ్చట్లతోనే ఇంటర్వ్యూ ఒడిసింది. ఒక్క లెక్క అడగలే. నా కులం తెలిసింది, నా పనితనం మాత్రం తెల్వలే.

ఇది నా ఒక్కని బాధ గాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ పేపర్ల ప్రకటనలు చూసి, ఒక్కతీరు సదువున్న దరఖాస్తులను వేరే వేరే పేర్లతోటి కంపెనీలకు పంపిచ్చిండ్రు. దళితుల పేర్లకు పిలుపులు తక్కువొచ్చినయని 2007ల రాసిండ్రు. పేరు కాడనే గిట్లుంటే, ఎదురుంగ కూసున్నంక ఎట్లుంటదో సోచాయించుండ్రి.

గందుకే దుకాణపోళ్లు, కంపెనీలోళ్లు, బడి నడిపెటోళ్లు జెర ఇనుండ్రి.

ముందుగాల ఆ కొలువుల చెయ్యాల్సిన పనులు నాలుగైదు కాయితం మీద రాయుండ్రి. ఉదాహరణకు బిల్లు కొట్టుడు, జీఎస్టీ లెక్క తీసుడు, బాకీలు అడుగుడు. ఒక్కో పనికి ఒక్కో ప్రశ్న తయారు చేసుకోండ్రి. అందరిని అవే ప్రశ్నలు, అదే వరుసల అడగాలె. మాటలకన్న పని చూసుడు ఇంకా మంచిది. పది బిల్లులిచ్చి లెక్క కట్టుమనుండ్రి.

ఇద్దరు కూసోండ్రి. ఎవల మార్కులు వాళ్లు యేసినంకనే ముచ్చట పెట్టుకోవాలె. లేకుంటే పెద్దసారు మాటకు చిన్నసారు తలకాయ ఊపుతడు.

కులం, పెండ్లి, పిల్లలు, ఇవి అడుగుడు బంద్ పెట్టుండ్రి. కొలువుల తీసుకునేకాడ ఆడోళ్లకు అన్యాయం చెయ్యొద్దని 1976 సమాన వేతన చట్టమే చెప్పింది. వికలాంగులు వస్తే ఏం సౌలత్ గావాల్నో పిలిచెటప్పుడే అడుగుండ్రి. మెట్లు ఎక్కలేనోళ్లకు కింది అర్ర చూడుండ్రి.

జీతమెంత, ఎన్ని గంటల పని అన్నది ముందే చెప్పుండ్రి. కొలువు రాలేదన్నా గా ముచ్చట ఫోన్ జేసి చెప్పుండ్రి. ఊరినుంచి మొదటి బస్సెక్కి వచ్చిన పిల్ల నెలదాక ఫోన్ దిక్కే చూస్తుంటది.