కోతి వల్ల కామెర్లు వస్తాయా?



మన హాస్టల్ వంటగదిలోకి కోతులు దూరడం కొత్త కాదు. రెండేళ్ళ క్రితం ఒక జూనియర్ తమ్ముడికి పచ్చకామెర్లు వస్తే, "కోతి ముట్టిన అన్నం తిన్నాడు, అందుకే" అన్నారు. అదే సంవత్సరం మా స్నేహితుడొకడు రక్తదానం చేశాడు. రక్తంలో హెపటైటిస్-బి ఉందని తర్వాత పిలిచి చెప్పారు. మర్నాటి నుంచి అతని కంచం, గ్లాసు వేరుగా పెట్టాం. పెట్టింది బయటివాళ్ళు కాదు, మనమే.

మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. అందుకని ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా మమ్మల్నే అడుగుతారు. సరిగా చెప్పాలంటే ముందు మేము తెలుసుకోవాలి కదా! అలా చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

కామెర్లు ఒకటే, వైరస్‌లు అయిదు

కాలేయం వాచినప్పుడు కళ్ళు పచ్చబడతాయి. అందుకు ముఖ్య కారణం ఎ, బి, సి, డి, ఇ అనే హెపటైటిస్ వైరస్‌లు. ఎ, ఇ ముఖ్యంగా కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. బి, సి, డి రక్తం ద్వారా వస్తాయి. బి తల్లి నుంచి బిడ్డకు, లైంగిక సంబంధం ద్వారా కూడా సోకుతుంది.

అడవి వానరాలలో

చింపాంజీల రక్తంలో హెపటైటిస్-బి కనిపించినప్పుడు, అది బోనుల్లో ఉండగా మనుషుల నుంచి అంటుకున్నదే అని మొదట్లో అనుకున్నారు. జన్యువులు పరీక్షించాక అభిప్రాయం మారింది. ఆఫ్రికాలోని చింపాంజీలకు, గొరిల్లాలకు, ఆగ్నేయాసియాలోని గిబ్బన్లకు, ఒరంగుటాన్లకు తమ తమ సొంత రకాలు ఉన్నాయి. ఒరంగుటాన్ రకం సంగతి 1999లో వెల్లడైంది. అంటే ఈ వైరస్ మనిషి ఒక్కడి సొత్తు కాదు.

మరి అది మనకు సోకుతుందా? 2009లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక వృద్ధుడి రక్తంలో వింత రకం హెపటైటిస్-బిని గుర్తించారు. అది గిబ్బన్, ఒరంగుటాన్ రకాలకు దగ్గరగా ఉంది. ఆయన రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బోర్నియో దీవిలో ఉన్నవాడు. కాబట్టి గోడ దాటడం అసాధ్యమని చెప్పలేం. అయితే అడవి వానరాల హెపటైటిస్-బి మనుషుల్లో వ్యాపిస్తున్నదనడానికి రుజువు లేదు. చింపాంజీల నుంచి మనిషికి చేరి లోకమంతా పాకింది హెచ్.ఐ.వి. వేటాడిన జంతువుల రక్తం తగలడం వల్లే అది సోకిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అడవి జంతువుల మాంసం కోసేచోట జాగ్రత్త అవసరమనేది అందుకే.

మన కోతుల సంగతి

వైరస్ కాలేయ కణంలోకి దూరాలంటే ఒక తాళం తెరుచుకోవాలి. ఆ తాళం ఎన్.టి.సి.పి. అనే ప్రోటీన్ అని 2012లో చైనా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. చింపాంజీలో అది మన తాళం లాంటిదే. రీసస్ కోతిలో కొద్ది తేడా ఉంది, ఆ తేడా వల్ల హెపటైటిస్-బి లోపలికి పోలేదు. కోతి కరిస్తే మనం భయపడాల్సింది రేబీస్‌కు. వెంటనే గాయాన్ని సబ్బుతో కడిగి, ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకోవాలి.

ఆ తమ్ముడికి వచ్చింది హెపటైటిస్-ఎ అని పరీక్షలో తేలింది. పాపం కోతిది కాదు, నీళ్ళది. మూత లేని మన ట్యాంకును ఎవరూ అనుమానించలేదు!

ఎవరి వల్ల ఎవరికి ప్రమాదం?

1961లో ఒక నివేదిక వెలువడింది. అమెరికా వైమానిక దళ స్థావరంలో చింపాంజీలను సాకేవారికి కామెర్లు సోకాయి. ఆఫ్రికా నుంచి కొత్తగా తెచ్చిన ఆ పిల్ల చింపాంజీలకు ఆ జబ్బు మొదట మనుషుల నుంచే అంటుకుని ఉంటుందని భావించారు. హెపటైటిస్-బి టీకాను కూడా చింపాంజీల మీద పరీక్షించాకే మనకు ఇచ్చారు. మనం వాటికి బాకీ పడ్డాం తప్ప, అవి మనకు పడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి 25 కోట్ల 40 లక్షల మందిలో హెపటైటిస్-బి దీర్ఘకాలంగా ఉంది. ఇది మనిషి నుంచి మనిషికి వచ్చినదే.

మనం చేయవలసింది

ఒకరి బ్లేడు, రేజరు మరొకరు వాడకూడదు. వాడిన సూదితో ఇంజక్షను, పచ్చబొట్టు వేయించుకోకూడదు. హెపటైటిస్-బి టీకా వేయించుకోని వాళ్ళు అడిగి వేయించుకోవాలి. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను దేశీయంగా తయారుచేసి చౌకగా అందించింది. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు తొలి మోతాదు పడాలి. ఊరికి వెళ్ళినప్పుడు ఈ మాట తప్పక చెప్పండి. జబ్బు ఉన్నవారికి 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. పసరు మందులతో, వాతలతో కాలం వృథా చేయకండి.

చివరగా ఒక మాట. ఒకే పంక్తిలో కూర్చుని తింటే, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగితే హెపటైటిస్-బి రాదు. వేరు కంచం అంటే ఏమిటో మన తాతలను అడిగితే చెబుతారు. ఆ పని మనమే మన మిత్రుడికి చేశాం. అతను ఇప్పుడు చికిత్స తీసుకుంటూ బాగున్నాడు. వార్షికోత్సవానికి వస్తున్నాడు. ఈసారి అతని కంచం మన కంచాల మధ్యనే ఉంటుంది.