తాత కత్తిని తూకానికి వేసేముందు...

దసరా వస్తే అటక మీది పాత కత్తిని దింపడం, తుడిచి పసుపు కుంకుమ పెట్టడం, పూజ కాగానే మళ్లీ అక్కడే పడేయడం... చాలా ఇళ్లలో దానికున్న పని అంతే. చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో పాత ఇళ్లు కూలి డాబాలు లేస్తున్నాయి. ఆ పక్కనే నగరవాసుల ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. ఒకరికి అటక ఖాళీ కావాలి, ఇంకొకరికి గోడకు అలంకారం కావాలి. మధ్యలో ఆ కత్తి పాత ఇనుము కింద పోయిందంటే ఇక దొరకదు. అది ఎలాంటి ఉక్కో ఎవరికి తెలుసు?

కోనసముద్రం ఉక్కు

ఒకప్పుడు ప్రపంచాన్ని ఊపేసిన డమాస్కస్ కత్తులకు ముడిసరుకు వెళ్లింది మన దగ్గర్నుంచే. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో ఉక్కు వండేవారు. దాని కోసం పర్షియా వర్తకులు వచ్చి మకాం వేసేవారని 1820ల్లో ఆ ఊరు చూసిన హెన్రీ వాయ్‌సీ రాశాడు. దక్షిణాదిలో ఇనుముతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు కూడా మూసలో పెట్టేవారట! మెల్లగా చల్లారిన ఆ ఉక్కును సాగగొడితే నీటి అలల్లాంటి చారలు తేలేవి. 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు ఉన్నాయని 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

నిజాం కత్తి గ్లాస్గోకి

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1903 ఢిల్లీ దర్బారులో ప్రదర్శించిన ఓ కత్తి ఉంది. పాములా వంపు తిరిగి, రంపపు అంచుతో, బంగారంతో చెక్కిన ఏనుగు, పులుల బొమ్మలతో ఉంటుంది. 1905లో అది నిజాం సొత్తు నుంచి దొంగతనంగా బయటికి వచ్చి, బ్రిటిష్ సేనాని జనరల్ ఆర్చిబాల్డ్ హంటర్ చేతికి చేరింది. 1978లో ఆయన బంధువు దాన్ని గ్లాస్గో మ్యూజియంకు ఇచ్చారు. దాన్ని మరో ఆరు వస్తువులతో కలిపి భారత్‌కు తిరిగిస్తామని 2022 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఎవరు ఎవరికి అమ్మారో నమోదై ఉండబట్టే వంద దాటాక కూడా ఆ లెక్క తేలింది.

జపాన్ వాళ్లను చూడండి

పాత జపాన్ కత్తులు సేకరించేవాళ్లు ముందు చూసేది పిడి లోపల దాగిన భాగాన్ని. చేసినవాడు సంతకం చెక్కేది అక్కడే. అక్కడి తుప్పును ఎవరూ గీకరు. ఆ తుప్పు రంగే వయసుకు సాక్ష్యం మరి! ఆ దేశంలో ప్రతి కత్తికీ రిజిస్ట్రేషన్ పత్రం ఉంటుంది. కత్తి చేతులు మారితే పత్రం కూడా దాని వెంటే వెళ్తుంది.

మనవాళ్లు చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అమ్మేముందు చింతపండుతోనో, ఉప్పుకాగితంతోనో తళతళా తోమేస్తారు. చారలు, అక్షరాలు, వయసు అన్నీ ఒక్కరోజులో మాయం! మెత్తని గుడ్డతో పలచగా నూనె రాస్తే చాలు. ఇక కొనేవాళ్లకో మాట. మామూలు ఇనుము మీద యాసిడ్‌తో చారలు గీసి అమ్మే మోసం ఉంది. అనుమానం ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గ్యాలరీకి వెళ్లి అసలు సరుకును కళ్లారా చూసి రండి.

చట్టం ఏమంటుంది?

నూరేళ్లు నిండిన ఇలాంటి వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. సొంతంగా విదేశాలకు పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు! ఇది కాక ఆయుధాల చట్టం ఉండనే ఉంది. 9 అంగుళాలు దాటిన పదునైన ఆయుధానికి ప్రకటిత ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. కాబట్టి బేరానికి ముందే పోలీస్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోవడం మంచిది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ కత్తి ఇంటికి ఎలా వచ్చిందో, ఎవరు పట్టుకున్నారో పెద్దవాళ్లు ఉండగానే అడగండి. ఓ కాగితం మీద రాయించి, ఫొటో తీసి కత్తితో పాటే దాచండి. ఆ నాలుగు మాటలు లేకపోతే రేపు మీ మనవడి చేతిలో ఉండేది ఏ ఊరిదో, ఎవరిదో తెలియని ఇనుప ముక్కే!