పలక, బలపం, ఉపగ్రహం: చదువు సాధనాల చరిత్రను పరిశీలించే మార్గాలు

విద్యా సాంకేతికత అనగానే నేడు అందరికీ కంప్యూటరు, సెల్‌ఫోను, తెరపై పాఠం స్ఫురిస్తాయి. కానీ అక్షరాన్ని పిల్లల చేతికి అందించిన ప్రతి సాధనమూ ఆ కోవలోనిదే. ఇసుక, తాటాకు, గంటం, పలక, బలపం, అచ్చు పుస్తకం, రేడియో, టెలివిజన్ అన్నీ తమ తమ కాలాల్లో కొత్త సాధనాలే. వీటి చరిత్రను పరిశోధకులు పలు మార్గాల్లో పరిశీలిస్తున్నారు. ఎంచుకున్న మార్గాన్ని బట్టి కొందరి చదువు చరిత్రకెక్కుతుంది, మరికొందరిది మరుగున పడుతుంది. కనుక సరిహద్దు పల్లెల వారికి ఇది కేవలం పండితుల చర్చ కాదు.

సాధనాల వరుస

మొదటి మార్గం కాలక్రమాన్ని అనుసరించేది. ఏ సాధనాన్ని ఏ ఏట ఎవరు కనుగొన్నారు అన్నదే ఇందులో ప్రధానం. ఇది సులభమైన మార్గం, కానీ మూలాన్ని తరచు విస్మరిస్తుంది. 19వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండు బడుల్లో పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చదువు చెప్పించే పద్ధతి విస్తరించింది. చిన్నవారు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఆ పద్ధతిని అక్కడ ప్రచారం చేసిన వారిలో ఆండ్రూ బెల్ ముఖ్యుడు. ఆయన 1789 నుంచి మద్రాసులో సైనికుల అనాథ బాలుర పాఠశాలను పర్యవేక్షించాడు. స్థానిక వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి దానిని తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు. 1797లో ఆ ప్రయోగాన్ని లండన్‌లో పుస్తకంగా ప్రకటించాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అన్న పేరు నిలిచింది. ఇంగ్లండు బడులతోనే ఆరంభించే కాలక్రమంలో ఆ వీధిబడికి చోటు దక్కదు.

దస్త్రాల సాక్ష్యం

రెండవ మార్గం ప్రభుత్వ పత్రాల పరిశీలన. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లాలోని బడుల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వీటిలో ప్రసిద్ధమైనది. దాని ప్రకారం జిల్లాలో 533 బడులున్నాయి. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు నేర్పేవి.

నాటి చదువు సాధనాలను కూడా ఆ నివేదిక వర్ణించింది. పిల్లవాడు మొదట నేలమీది ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తరువాత తాటాకుపై గంటంతోనో, కాగితంపై రెల్లు కలంతోనో రాసేవాడు. కానీ ఆ ప్రాంతంలో ఎక్కువగా వాడినవి చెక్క పలక, కడితం. సుమారు మూడడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న చెక్కను నునుపు చేసి, అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే పలక సిద్ధం. గంజిపెట్టిన గుడ్డను పుస్తకంలా మడిచి, బొగ్గు, జిగురులు పట్టిస్తే అది కడితం. బలపంతో రాసినదానిని తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకునేవారు. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పే తీరును క్యాంప్‌బెల్ ప్రశంసించాడు. అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేయించడాన్ని మాత్రం విమర్శించాడు.

వాడుక చరిత్ర

మూడవ మార్గం తరగతి గదిలో సాధనం నిజంగా ఎలా వినియోగమైందో పరిశీలిస్తుంది. అమెరికా విద్యాచరిత్రకారుడు లారీ క్యూబన్ 1986లో ప్రచురించిన గ్రంథంలో సినిమా, రేడియో, టెలివిజన్, కంప్యూటర్లను ఈ దృష్టితోనే చూశాడు. ప్రతిసారీ గొప్ప ఆశలతో మొదలైన సాధనం చివరకు గదిలో కొద్దిగానే వినియోగమైందని ఆయన చూపాడు. ఉపాధ్యాయుని సమయానికి, తరగతి పరిస్థితులకు పొసగని సాధనం మూలన పడుతుంది.

ఇదే ప్రశ్నను భారతదేశపు ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగానికీ వేయవచ్చు. అమెరికా ఉపగ్రహం సాయంతో 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు పాఠాలు, గ్రామీణ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా ఉన్నాయి. హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషల్లో కార్యక్రమాలు సాగాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలుండేవి. గ్రామాల సంఖ్య దస్త్రాల్లో దొరుకుతుంది. ఏ ఊరిలో పెట్టె ఎన్నాళ్లు పనిచేసింది, పిల్లలకు ఏ భాష వినిపించింది, ఏ పాఠం గుర్తుండిపోయింది అన్నవి మాత్రం చూసినవారు చెబితేనే తెలుస్తాయి.

లెక్కకు అందనివారు

నాలుగవ మార్గం సాధనం ఎవరికి అందలేదో అడుగుతుంది. బళ్లారి నివేదికలోని 6,641 మంది విద్యార్థుల్లో బాలికలు 60 మందే. పలక ఎంత చవకైనా ఆడపిల్ల చేతికి చేరలేదన్నమాట. పేదరికం వల్ల పలువురు తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపలేకపోతున్నారని కూడా క్యాంప్‌బెల్ రాశాడు. ఐరోపా మిల్లు బట్ట రాకతో చేనేత దెబ్బతినడాన్ని అందుకొక కారణంగా చూపాడు.

ఇక్కడే సరిహద్దు ప్రశ్న ఎదురవుతుంది. నాటి బళ్లారి జిల్లా నేడు ఒకే రాష్ట్రంలో లేదు. 1882లో అనంతపురం వేరు జిల్లా అయింది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోను, మిగిలినవి మైసూరు రాష్ట్రంలోను చేరాయి. నేటి రాష్ట్రాల వారీగా చరిత్ర రాస్తే ఆ 226 తెలుగు బడులు రెండు వైపులా చీలిపోతాయి. ఒకరి పుస్తకంలో అవి పరాయి భాష బడులు, మరొకరి పుస్తకంలో పొరుగు రాష్ట్రపు బడులు.

కావున నాలుగు మార్గాలూ కలిసినప్పుడే చరిత్ర పూర్తవుతుంది. అందులో వాడుక చరిత్రకు ఆధారం గ్రామ కుటుంబాల వద్దనే ఉంది. అటకమీది పాత పలక, తాతల నాటి కడితం, ముత్తవ్వ చదివిన బాలశిక్ష, మూతపడిన బడి హాజరుపట్టీ అన్నీ సాక్ష్యాలే. అయితే వివరం లేని వస్తువు మూగది. అది ఎవరిది, ఏ ఊరి బడిలో, ఏ కాలంలో, ఏ భాష నేర్చుకోవడానికి వాడారు అన్న నాలుగు మాటలను పెద్దలు ఉండగానే అడిగి, రాసి, వస్తువుతో పాటు భద్రపరచాలి. దస్త్రంలో అంకెగా మాత్రమే మిగిలిన బడికి ఆ నాలుగు మాటలే ఊరిని, మనుషులను తిరిగి చేకూరుస్తాయి.