అద్దె సిఫార్సులు – అంతర్జాల ఆదాయం

తన వెబ్‌సైటులో ఇతరుల సైటుకు లంకె పెట్టి, అందుకు నెలనెలా అద్దె పుచ్చుకొనడం నేటి ఆదాయమార్గాలలో ఒకటి. ఉద్యోగాన్వేషణలో ఉన్న విద్యార్థులు దీని మంచిచెడ్డలను గ్రహించడం అవసరం.

1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 'పేజ్‌ర్యాంక్' పద్ధతిని వివరించారు. ఒక పుటకు ఇతర పుటలు ఇచ్చే లంకెలను సిఫార్సులుగా భావించి, వాటి సంఖ్యను, ఇచ్చినవారి యోగ్యతను బట్టి ఆ పుట స్థానాన్ని నిర్ణయించడమే దాని సారాంశం. గూగుల్ శోధనకు పునాది ఇదే. కనుకనే సిఫార్సుకు వెల ఏర్పడింది.

కానీ కొన్న సిఫార్సు నిలువదు. జె.సి. పెన్నీ అనే అమెరికా వ్యాపారసంస్థకు సంబంధంలేని వేలాది పుటల నుండి లంకెలున్నట్లు 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించింది. గూగుల్ ఆ సంస్థ స్థానాన్ని దించివేసింది. లంకెను అమ్మిన సైటుకూ ఇట్టి శిక్ష తప్పకపోవచ్చు. శోధన ద్వారా వచ్చే పాఠకులు తగ్గితే అద్దెదారులూ మిగలరు.

అయితే ప్రకటన తప్పు కాదు. దానిని దాచడమే తప్పు. డబ్బు తీసుకున్న లంకెకు 'స్పాన్సర్డ్' అనే సంకేతం జోడించే ఏర్పాటును 2019లో గూగుల్ ప్రవేశపెట్టింది. ఆ సంకేతమున్న లంకె స్థానాన్ని పెంచదు. ప్రకటనగా మాత్రం న్యాయమైనదే.

వాన ఇంకకుండా తోడుతూ పోతే బోరు ఎండునని అనంతపురం రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పాఠకుల విశ్వాసమూ భూగర్భజలం వంటిదే. వేరుశనగ సాగు గురించో, బిందుసేద్యం గురించో తెలుగులో, ఉర్దూలో ఉపయోగకరంగా వ్రాసి, ప్రకటనను ప్రకటనగానే చూపి ఆర్జించడం ఆలస్యమైనా శ్రేయస్కరం.