పలుకని రోగికి మత్తు చాలినదా?

శస్త్రచికిత్సా మందిరములో బల్లపై రోగి పరుండియున్నాడు. మత్తు వైద్యుడు అతనిని పేరుపెట్టి పిలిచెను; రోగి పలికెను. మందు ఎక్కిన పిదప మరల పిలిచెను, పలుకు లేదు. మత్తు కలిగినదనుటకు ఇది మొదటి గుర్తు. కాని తలకు పెద్ద దెబ్బ తగిలి, నెలల తరబడి కన్నులు తెరచియుండియు పిలుపునకు పలుకని రోగులు కొందరు కలరు. అట్టివారికి శస్త్రచికిత్స చేయవలసివచ్చినచో ఈ గుర్తు పనికిరాదు. మందునకు ముందును వారు పలుకలేదు, తరువాతను పలుకరు. మరి మత్తు చాలినదో లేదో తెలియుట యెట్లు?

1846లో బోస్టను నగరమున విలియం మోర్టన్ ఈథరు ఆవిరితో రోగికి మత్తు కలిగించి, శస్త్రచికిత్సను బహిరంగముగా జరిపించెను. ఆనాటినుండి చాలకాలము వైద్యులు నాడి, ఊపిరి, కంటిపాప, చెమట, కాలుసేతుల కదలిక వీనినిబట్టియే మత్తు లోతును అంచనా వేసిరి. ఇవి దేహము చూపు గుర్తులు. మందు పనిచేయునది మెదడుమీద. పైగా కండరములను సడలించు మందు ఇచ్చినప్పుడు రోగికి మెలకువ వచ్చినను వ్రేలైన కదలింపలేడు.

మెదడునే పరిశీలించు మార్గమును జర్మనీలోని యేనా నగర వైద్యుడు హాన్స్ బెర్గర్ చూపెను. 1924లో ఆయన మానవుని తలనుండి విద్యుత్ తరంగములను నమోదుచేసి, 1929లో ప్రకటించెను. ఈ తరంగముల బలము కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే. టార్చిలైటు బ్యాటరీ 1.5 వోల్టులు, 50 మైక్రోవోల్టులనగా అందులో 30,000వ వంతు.

మెలకువగా కన్నులు మూసికొన్నవారిలో సెకనుకు 8 నుండి 13 వరకు తరంగములు ప్రముఖముగా కనిపించును. కన్నులు తెరచి దేనినైన శ్రద్ధగా చూచునప్పుడు అవి చిన్నవై, వేగము హెచ్చును. ప్రోపోఫాల్ వంటి మందుతో గాఢమైన మత్తు కలిగినప్పుడు సెకనుకు 4 కంటె తక్కువగా పెద్ద తరంగములు లేచును. మత్తు మితిమీరినచో గీత చదునై, నడుమ నడుమ మాత్రమే తరంగములు గుంపుగా వచ్చును.

దీనికి కారణమేమి? సంతలో వేలమంది ఎవరి మాట వారు మాటలాడుచుందురు. దూరమునకు సన్నని గోల వినబడును. కాని అక్కడ ఎన్నో బేరములు సాగుచుండును. చెక్కభజనలో అందరును ఒక్కమారే చెక్కలు మోగింతురు. ధ్వని పెద్దది, లయ ఒక్కటే, వార్తలు మాత్రము లేవు. మెలకువలో నాడీకణములు సంతవలె, మత్తులో భజనవలె ప్రవర్తించుననవచ్చును.

ఈ తరంగములను లెక్కించి 0 నుండి 100 లోపల ఒక అంకెగా చూపు బైస్పెక్ట్రల్ ఇండెక్స్ అను సాధనము 1996లో అమెరికాలో ఆమోదము పొందెను. 100కు దగ్గరగానున్న మెలకువ. 40 నుండి 60 వరకు శస్త్రచికిత్సకు తగిన మత్తు. 0 అనిన తరంగములు లేవు.

చిక్కు ఇచ్చటనే కలదు. ఆ లెక్క మెదడు దెబ్బతినని పెద్దవారి తరంగముల నాధారముగా చేసికొని కట్టినది. దెబ్బతిన్న మెదడులో తరంగములు ముందే మందగించియుండును. మందు చుక్కయైనను ఎక్కకముందే అంకె తక్కువగా కనిపించవచ్చును. దానిని నమ్మి మందు తగ్గించినచో, రోగి బాధ ననుభవించియు చెప్పుకొనలేకపోవు ప్రమాదము కలదు. కండరముల విద్యుత్తు కూడ అంకెను మార్చును. 2015లో ప్రకటింపబడిన ఒక ప్రయోగములో 10 మంది స్వచ్ఛంద వ్యక్తులకు మత్తు లేకుండ కండరములను సడలించు మందు మాత్రమే ఇచ్చిరి. వారు మెలకువగానే యున్నను, కొందరిలో అంకె 60 కంటె దిగువకు పడెను.

పలుకని రోగికి బాధ తెలియదని అనుకొనరాదు. 2006లో ఏడ్రియన్ ఓవెన్, ఆయన సహచరులు అట్టి యొక యువతిని టెన్నిసు ఆడుచున్నట్లు ఊహింపుమని కోరిరి. ఆమె మెదడును అయస్కాంత యంత్రముతో చిత్రింపగా, ఆరోగ్యవంతులలో చైతన్యము పొందు భాగములే ఆమెలోను చైతన్యము పొందెను. ఆమె వినుచున్నది!

కావున ఇట్టి రోగిలో మందునకు ముందే తరంగములను నమోదుచేసి, తరువాతి మార్పును ఆ రోగి గీతతోనే పోల్చవలెను. అంకెతో తృప్తిపడక గీత రూపమును, నాడిని, రక్తపు పోటును కలిపి చూడవలెను. మందు తక్కువైన బాధ. మితిమీరిన రక్తపు పోటు పడిపోవును, గీత చదునగును.

2013లో శాస్త్రజ్ఞులు మరియొక మార్గమును ప్రకటించిరి. తలపై అయస్కాంతపు తాకిడి నిచ్చి, మెదడులో లేచు ప్రతిధ్వని ఎంత చిక్కగా నున్నదో కొలుతురు. మెలకువలో అది పలు భాగములకు ప్రాకి పలు రూపములు దాల్చును. గాఢనిద్రలోను, అనేక మత్తుమందుల ప్రభావములోను త్వరలో అణగిపోవును. దీనికి రోగి సమాధానము అవసరము లేదు. ఇది నేటికిని ముఖ్యముగా పరిశోధనశాలలకు చెందిన పద్ధతియే. అంతవరకు పలుకని రోగికి సైతము బాధ తెలియుననియే యెంచి మత్తు ఇచ్చుట వైద్యుని ధర్మము.