చీమలు బారు కడితే... చిక్కుడు చిక్కులో పడ్డట్టే!

సంక్రాంతికి గంపల కొద్దీ కాస్తుందనుకున్న చిక్కుడు పాదు. నిన్నటిదాకా నిగనిగలాడింది. ఇవాళ చూస్తే పూత కాడల నిండా నువ్వులు అద్దినట్టు నల్లటి పురుగులు! చాలామంది ఇక్కడే కంగారుపడి పొలానికి తెచ్చిన మందేదో కలిపి కొట్టేస్తారు. మరి పెరట్లో కూరగాయలు పెంచుకునేదే మందుల్లేని తిండి కోసం కదా! పైగా మోనోక్రోటోఫాస్ లాంటివి కూరగాయల మీద వాడటం నిషేధం కూడా.

ఆ నల్లటివి పేనుబంక. మొక్క రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తాయి. ఆ తీపి కోసం చీమలు వాటిని పాడి గేదెల్లా కాచుకుంటాయి. తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. అందుకే పాదు మీద చీమల బారు కనిపిస్తే ఆకులు తిప్పి చూడాల్సిందే. కొద్దిగా ఉంటే ఆ కొసలు తుంచేసి, మిగతా పాదు మీద పైపుతో నీళ్లు గట్టిగా కొడితే చాలు. ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీళ్లలో కలిసేందుకు కాస్త సబ్బు నీళ్లు చేర్చి చల్లాలి. అదీ సాయంత్రం పూటే. ఎండ తగిలితే వేప గుణం త్వరగా పోతుంది. వారానికి మరోసారి చల్లాలి. అక్షింతల పురుగుల పిల్లలు బుల్లి మొసళ్లలా ఉంటాయి. అవి కనిపిస్తే మాత్రం మందు ఆపి కొన్నాళ్లు చూడండి. పాపం, వాటినే తెగులనుకుని నలిపేసేవాళ్లున్నారు!

వంగలో చివుళ్లు వాలిపోతే లోపల పురుగు తొలుస్తున్నట్టు. వాలిన చోటికి కాస్త కిందకి తుంచి నాశనం చేయాలి.

బీర, కాకర పిందెలు పసుపు రంగుకి తిరిగి వంకర పోయి కుళ్లుతుంటే అది పండు ఈగ పని. లేత పిందె లోపల గుడ్లు పెడుతుంది కాబట్టి పైన ఏం చల్లినా లోపలి పురుగుకి తగలదు. పిందె పడగానే కాగితం సంచి తొడగడమే మేలు. రాలిన కాయల్ని ఎరువు గుంతలో వేయొద్దు. పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుంది.

బెండ ఆకుల ఈనెలు పచ్చబడి, కాయలు తెల్లబోతే మాత్రం ఆశ వదులుకోవాలి. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మందు లేదు. నాలుగు కాయలకి ఆశపడి ఉంచితే పక్క మొక్కలకీ అంటుతుంది. పీకేసి, ఆ చోట గోంగూరో తోటకూరో చల్లుకోవచ్చు. తోటకూరైతే నెల తిరక్కుండా పప్పులోకి వస్తుంది.