తెల్లవారనిచ్చిన గుండెనొప్పి

గుండెపోటు వచ్చినవారు ఆసుపత్రికి ఆలస్యముగా చేరుటకు ఊరు దూరమగుటయు, చేతిలో పైకము లేకుండుటయు, బండి దొరకకపోవుటయు హేతువులని చెప్పుట మనకు పరిపాటి. అవియు నిజమైన హేతువులే. అయినను ఆ కాలవ్యయములో అధికభాగము రహదారిమీదగాక ఇంటిలోనే, ‘ఇది ఏమి నొప్పియో’ యను సంశయములోనే జరిగిపోవుచున్నట్లు దేశదేశముల వైద్యులు కనుగొనిరి. మన దేశమున 89 ఆసుపత్రులలో ఇరువదివేలమందికి పైగా హృద్రోగులను పరిశీలించి 2008లో ‘లాన్సెట్’ పత్రికయందు ప్రకటించిన ‘క్రియేట్’ నివేదికను చూడుడు: నొప్పి మొదలైనప్పటినుండి ఆసుపత్రి గడప తొక్కువరకు సగముమందికి ఆరు గంటలో, అంతకు మించియో పట్టినది; గడప తొక్కిన పిదప, గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు ఎక్కించుటకు పట్టిన మధ్యమకాలము 50 నిమిషములు మాత్రమే.

ఆ గంటలలో లోపల జరుగునదేమి? గుండెకు రక్తమునందించు ధమని పూడినంతమాత్రమున కండరమంతయు ఒక్కసారిగా చచ్చిపోదు. ఆ ధమనులు గుండె వెలుపలిభాగమున పరచుకొని, వాని శాఖలు లోనికి దిగుచుండును గనుక, కాలువ కట్టుబడినపుడు ఆయకట్టు చివరి మళ్లు ముందుగా ఎండునట్లు, లోపలి పొర మొదట నశించి, ఆ నాశము గంటగంటకు వెలుపలికి వ్యాపించును. రీమర్, జెన్నింగ్స్ అను శాస్త్రజ్ఞులు 1970 దశకమున కుక్కలపై చేసిన ప్రయోగములతో ఈ క్రమమును నిరూపించిరి. మొదటి గంటలో ధమని తెరచిన దక్కు కండరము పండ్రెండవ గంటలో తెరచిన దక్కదు.

ఇంతటి ఆపదను మనిషి ఏల గుర్తింపడు? సినిమాలో కథానాయకుని తండ్రి గుండె పట్టుకొని కుప్పకూలును. గుండెపోటనగా మన మనస్సులలో ఆ చిత్రమే ముద్రపడియున్నది. నిజముగా అది తరచు అట్లు రాదు. రొమ్ముపై బరువు పెట్టినట్లు మొదలై, తగ్గుచు హెచ్చుచు, దవడకో, ఎడమచేతికో, వీపునకో ప్రాకును; కొందరికి కడుపుబ్బరము, వాంతి, చెమటలే కనబడును; మధుమేహులకును, వృద్ధులకును, స్త్రీలకును ఒక్కొక్కప్పుడు నొప్పియే లేక ఆయాసము మాత్రమే వచ్చును. గుండెనుండియు అన్నకోశమునుండియు వచ్చు నాడులు వెన్నుపామున దగ్గరదగ్గరగా చేరుటచే, ఎక్కడి బాధ ఎక్కడిదో మెదడునకే సరిగా తెలియదు.

రాత్రి రెండు గంటలవేళ గృహిణి యొకతె మంచముపై లేచి కూర్చుండును. రవిక చెమటతో తడిసినది. వంటయింటిలోనికి పోయి, వాము నమిలి, సోడాపొడి కలిపిన నీళ్లు త్రాగును. ఒక త్రేన్పు వచ్చి ప్రాణము తెరిపినపడినట్లుండును. భర్త మేల్కొని ఏమని యడుగగా, “ఏమీ లేదండీ, గ్యాసు. రాత్రి పప్పు పడలేదు. మీరు పడుకోండి, తెల్లవారనీయండి, చూద్దాం” అనును. త్రేన్పుతో కలిగిన ఉపశమనము దేనికిని సాక్ష్యము కాదు. గుండెనొప్పియు తనంత తాను కొంతసేపు సన్నగిల్లును. ఆమె తెలివిమాలినది కాదు. పిల్లలకు పరీక్షలున్నవి, భర్త ఉదయమే పనికి పోవలెను, ఆసుపత్రికి పోయిన వేలకువేలు ఖర్చగును, తీరా ఏమియు లేదనిన నలుగురు నవ్వుదురు. తనవారిపై గల ఈ దయయే ఆమెకు శత్రువగుచున్నది. ఇందులకు ఆమెను నేను నిందింపజాలను. నిద్ర చెడినదని విసుగుకొను ఇంటివారిని మాత్రము నిందింతును.

ఉదయమున ఊరి ఆరెంపీ వచ్చి గ్యాసునకు సూది వేసిన మరి రెండు గంటలు గడచును. తీరా ఈసీజీ తీయించిన పిమ్మటనైనను, మొదటిది బాగున్నదని నిశ్చింతపడరాదు. నొప్పి నిలిచియున్నచో మరల తీయవలెను, గుండెకండరము దెబ్బతినినపుడు రక్తమున హెచ్చు ట్రోపోనిన్ అను పదార్థమును చూడవలెను.

ఈ ఆలస్యమును ప్రచారముతో తగ్గింపవచ్చునా యని 1990 దశకమున అమెరికాలో 20 పట్టణములను తీసికొని, సగముచోట్ల 18 నెలలపాటు ‘రియాక్ట్’ అను పేర బోధించి చూచిరి. బోధించినచోట ఆలస్యము ఇతర పట్టణములకంటె విశేషముగా తగ్గలేదు గాని, అంబులెన్సును పిలుచువారు పెరిగిరి. నేను దీనిని అల్పలాభమనుకొనను. గుండె లయ తప్పి ఆగిపోవు ప్రమాదము తొలిగంటలోనే అధికము. స్కూటరు వెనుక కూర్చున్నవానికి అప్పుడు చేయూత లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములయందును కలదు. ఆ అంకెలు నొక్కిన తరువాత, రోగిని నడిపింపక కూర్చుండబెట్టి, ఆస్పిరిన్ పడనితనముగాని రక్తస్రావవ్యాధిగాని లేదని తెలిసినచో, ఇచ్చుటకు వీలగునా యని ఫోనులో అడిగి, ఒక మాత్ర నమిలింపవచ్చును. 1988లో ప్రకటితమైన ‘ఐసిస్-2’ పరిశోధనలో, పదునేడువేలమందికి పైగా రోగులలో, ఆ చవుక మాత్రను నెలపాటు దినదినము ఇచ్చుటయే గుండె, రక్తనాళముల వ్యాధులవలని మరణములను ఐదింట ఒక వంతునకు పైగా తగ్గించినది.